మంచి ట్రంపెట్ చేస్తే చాలదు: చిన్న బ్రాండ్లు ఎక్కడ చిక్కుకుంటున్నాయి

2019లో అమెరికాలోని అనాహైమ్‌లో కాన్‌స్టుల్ అనే ట్రంపెట్ల కంపెనీ మూతపడింది. ట్రంపెట్‌తో పరిచయం లేనివాళ్ళు ఆ పేరు విని ఉండరు. ఓల్డ్స్ అనే ట్రంపెట్ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, ఆ తర్వాత బెంజ్ ట్రంపెట్ల తయారీ చూసుకున్న జిగ్మంట్ కాన్‌స్టుల్ 1980ల మొదట్లో సొంతంగా పెట్టుకున్న కంపెనీ అది. ఆయన పనితనం మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదు. వేరే పేర్లతో అమ్ముడుపోయిన మంచి ట్రంపెట్లు కొన్ని నిజానికి ఆ ఫ్యాక్టరీలోనే తయారయ్యేవి. సరుకు బాగోలేక మూతపడ్డ కంపెనీ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. సరుకు బాగుండి కూడా ఎందుకు నిలవలేకపోయింది అన్నదే ఆలోచించాల్సిన సంగతి.

ట్రంపెట్ తయారీలో ఇప్పుడు దాచుకోదగ్గ రహస్యాలు తక్కువ. అమెరికా, యూరప్, తైవాన్‌లలోని చిన్నా పెద్దా వర్క్‌షాపులు చాలా మంచి ట్రంపెట్లు చేస్తున్నాయి. అయినా కొనేవాళ్ళ చెయ్యి తిరిగి తిరిగి పెద్ద బ్రాండ్లైన బాక్ మీదికో యమహా మీదికో పోతుంది. ఇదంతా ప్రకటనల మహిమ అని తీసిపారేయడం తేలిక. నా లెక్కలో అది చాలా చిన్న కారణం. డబ్బు పెట్టి ట్రంపెట్ కొనేది ఒకరే. కానీ నేర్పే టీచరు, పక్కన కూర్చుని వాయించే తోటి కళాకారుడు, అమ్మే డీలరు, బాగుచేసే మెకానిక్, రేపు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనబోయే ముక్కూ మొహం తెలియని మనిషి, వీళ్ళందరి మాటా ఆ బేరంలో ఉంటుంది. కొత్త పేరు వల్ల వీళ్ళలో ఎవరికీ ప్రత్యేకంగా ఒరిగేది లేదు, తేడా వస్తే మాత్రం ఇబ్బంది.

ముందు సరుకు సంగతి చూద్దాం. ఎక్కువగా వాడే బి ఫ్లాట్ శ్రుతి ట్రంపెట్ అంటే దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవున్న ఇత్తడి గొట్టం, దాని దారి మార్చే మూడు వాల్వులు. ఈ రకం పిస్టన్ వాల్వును పారిస్‌లో ఫ్రాన్స్వా పెరినే 1839 ప్రాంతంలో రూపొందించాడు. నేటికీ అదే పద్ధతి. పేటెంట్ల కాలం ఎప్పుడో చెల్లిపోయింది. మామూలు పసుపు ఇత్తడిలో రాగి 70 శాతం, జింకు 30 శాతం; రాగిని 85 శాతానికి పెంచితే ట్రంపెట్ల వాళ్ళు గోల్డ్ బ్రాస్ అనేది వస్తుంది. బాక్ కంపెనీకి బాగా పేరు తెచ్చిన మోడల్ లోపలి వ్యాసం 11.66 మిల్లీమీటర్లు. కొలిచే పరికరం ఉన్న ఎవరైనా కొలుచుకోవచ్చు, చాలామంది కొలిచారు కూడా. పెదవులకు ఆనించే మౌత్‌పీస్ తర్వాత వచ్చే లీడ్‌పైప్ ఎంత వాలుతో వెడల్పవుతుంది, చివర గరాటులా విచ్చుకునే బెల్ ఏ వంపు తిరుగుతుంది, పిస్టన్ తన గొట్టంలో ఎంత బిగుతుగా కూర్చుంటుంది, అతుకులు పెట్టేటప్పుడు లోహం మీద ఒత్తిడి మిగిలిపోయిందా లేదా, పనితనం తెలిసేది వీటి దగ్గరే. ఇవి ఓపికతోనూ అనుభవంతోనూ వచ్చేవి, ఒక పెద్ద కంపెనీ తాళం వేసి దాచుకోగలిగినవి కావు.

వినేవాళ్ళ మాట అటుంచి, వాయించేవాళ్ళు కూడా తేడాలను మనం అనుకున్నంత కచ్చితంగా పట్టుకోలేరు. రిచర్డ్ స్మిత్ అనే బ్రిటిష్ వాద్య నిర్మాత 1980లలో పేరున్న ట్రాంబోన్ (ట్రంపెట్ లాంటిదే, ఇంకా పెద్ద ఇత్తడి వాద్యం) కళాకారుల కళ్ళకు గంతలు కట్టి, బెల్ రేకు మందం మాత్రమే వేరుగా ఉన్న వాద్యాలు వాయింపజేశాడు. ఏది పలచనిదో ఏది మందమైనదో వాళ్ళు నమ్మకంగా చెప్పలేకపోయారు. దీన్నిబట్టి అన్ని వాద్యాలూ ఒకటేనని కాదు. లోపలి గాలి స్తంభం ఆకారం మారితే తేడా తప్పకుండా తెలుస్తుంది. కానీ కేటలాగుల్లో గొప్పగా రాసుకునే విశేషాల్లో కొన్ని చెవి కన్నా కంటికే ఎక్కువ తెలుస్తాయన్నది మాత్రం నిజం. అలాంటప్పుడు మంచి ట్రంపెట్‌కూ మరో మంచి ట్రంపెట్‌కూ మధ్య ఎంపిక చెవి ఒక్కదాని మీద ఆధారపడదు. మిగతా లెక్కలు అక్కడే చొరబడతాయి.

వాటిలో మొదటిది అలవాటు. ట్రంపెట్ స్వరం వాల్వుల నుంచి కన్నా పెదవుల నుంచే ఎక్కువ పుడుతుంది. వాద్యం ఏ స్వరాన్ని కాస్త పైకి లాగుతుందో, ఏది కిందికి జారుతుందో కొన్నేళ్ళకు పెదవులకు తెలిసిపోతుంది, ఆలోచించకుండానే సర్దుకుంటాయి. పదేళ్ళు ఒక రకం మీద సాధన చేసిన మనిషి కొత్త ట్రంపెట్ ఎత్తగానే పాత సర్దుబాట్లే చేస్తాడు. కొత్తది నిజంగా శ్రుతిలోనే ఉన్నా అతని పెదవులు దాన్ని శ్రుతి తప్పిస్తాయి. పావుగంట వాయించి "ఏదో తేడాగా ఉంది" అని కింద పెట్టేస్తాడు. ఆ తేడా వాద్యానిదా, తన అలవాటుదా అని తేల్చుకోవాలంటే కొన్ని వారాలు పడుతుంది. దుకాణంలో అంత టైమ్ ఎవరిస్తారు? అలవాటైన చెప్పుల్లో కాలు పెట్టినంత హాయిగా పాత బ్రాండ్‌కే తిరిగి వెళ్ళిపోతాడు.

టీచర్ల లెక్క ఇంకొకటి. శిష్యుడి స్వరం మందంగా వస్తోంది. తప్పు ఊపిరిదా, పెదవుల బిగింపుదా, వాద్యానిదా? వాద్యం తనకు బాగా తెలిసినదైతే టీచరు దాన్ని పక్కన పెట్టి నేరుగా శిష్యుడి మీద దృష్టి పెడతారు. ఎప్పుడూ పట్టుకోని పేరైతే ప్రతిసారీ ఒక అనుమానం మిగిలిపోతుంది. అందుకే చాలామంది టీచర్లు రెండు మూడు పేర్లు మాత్రమే చెబుతారు. పక్షపాతం అనేకంటే, వాళ్ళ పని తేలికయ్యే పద్ధతి అది. ఆ శిష్యులే పెరిగి టీచర్లవుతారు, అవే పేర్లు చెబుతారు.

ఆర్కెస్ట్రాలో ఇదే విషయం ఇంకా బిగుసుకుంటుంది. ముగ్గురు నలుగురు ట్రంపెట్ కళాకారులు కలిసి ఒకే గొంతులా వినిపించాలి. అడాల్ఫ్ హెర్సెత్ 1948 నుంచి 2001 దాకా షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రధాన ట్రంపెట్ కళాకారుడు, అంటే అర్ధశతాబ్దం దాటింది. ఆ ఆర్కెస్ట్రాలోని ట్రంపెట్ బృందం, అంటే సెక్షన్, బాక్ కంపెనీ సి శ్రుతి ట్రంపెట్లు పట్టింది. రికార్డుల ద్వారా ఆ ధ్వని అమెరికా అంతటా పాకింది. ఆర్కెస్ట్రా ట్రంపెట్ అంటే ఇలాగే మోగాలి అన్న కొలత చాలామంది చెవుల్లో స్థిరపడింది. అమెరికా ఆర్కెస్ట్రాల ఆడిషన్లు చాలావరకు తెర చాటున జరుగుతాయి, జడ్జీలకు మనిషీ కనిపించడు, వాద్యం మీద చెక్కిన పేరూ కనిపించదు. బ్రాండ్ ప్రభావం అక్కడితో ఆగిపోవాలి కదా? ఆగదు. తెర అవతల ఉన్న జడ్జీలు ఏ ధ్వని కోసం చెవులు రిక్కించి ఉంటారో అభ్యర్థికి తెలుసు. ఏళ్ళ తరబడి సాధన చేసి వచ్చినవాడు ఆ ఒక్క రోజు కోసం కొత్త ప్రయోగం పెట్టుకోడు. నలుగురితో పాటు నారాయణా అన్నట్టు అందరూ తెచ్చేదే తెస్తాడు.

స్కూళ్ళు కొనే పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. అమెరికాలో ప్రభుత్వ స్కూళ్ళు బ్యాండ్ వాద్యాలు టెండరు పిలిచి కొంటాయి. టెండరులో ఫలానా కంపెనీ ఫలానా మోడల్ "లేదా దానికి సమానమైనది" అని రాయడం మామూలు. చూడ్డానికి తలుపు తెరిచే ఉంది. కానీ సమానమని నిరూపించుకునే భారం కొత్తవాడిది. నిర్ణయించే అధికారికి ట్రంపెట్ వాయించడం రాకపోవచ్చు. పేరున్నది కొని అది చెడిపోతే ఎవరూ ఆయన్ని అడగరు. పేరు లేనిది కొని చెడిపోతే మాత్రం వివరణ ఇచ్చుకోవాలి. అంత టెన్షన్ ఎందుకు పెట్టుకుంటాడు?

బాక్ ఇంత గట్టిగా కొలబద్ద ఎలా అయింది అన్నది విడిగా చెప్పుకోవాలి. విన్సెంట్ బాక్ 1890లో ఆస్ట్రియాలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదివి, ట్రంపెట్ కళాకారుడిగా స్థిరపడి, 1914లో అమెరికా చేరాడు. 1918లో మౌత్‌పీస్‌ల తయారీ మొదలుపెట్టాడు. ట్రంపెట్లు 1924లో వచ్చాయి. మౌత్‌పీస్ ముందు రావడం చిన్న విషయం కాదు. ఒక్కో మౌత్‌పీస్‌కూ ఒక అంకె, ఒక అక్షరం పెట్టి, ఏ కొలతలతో చేశాడో అవే కొలతలతో మళ్ళీ మళ్ళీ చేసి ఇచ్చాడు. 7సి, 3సి లాంటి గుర్తులు క్రమంగా ఆ వృత్తి మొత్తానికి వాడుక మాటలైపోయాయి. ఇవాళ మరో కంపెనీ మౌత్‌పీస్ అమ్మాలన్నా "ఇది బాక్ 3సి కి దగ్గరగా ఉంటుంది" అని రాయక తప్పదు. అంటే పోటీదారుడు తన సరుకును వర్ణించుకోవడానికి కూడా అవతలివాడి కొలతలే అరువు తెచ్చుకోవాలి. వ్యాపారంలో ఇంతకంటే పెద్ద ఆస్తి ఉంటుందని నేననుకోను.

చిన్న బ్రాండ్ ఇరుక్కునేది ఇక్కడే. "మాది అచ్చం బాక్‌లాగే మోగుతుంది" అంటే, అలాంటప్పుడు బాక్‌నే కొంటాం కదా అంటారు. "మాది వేరుగా మోగుతుంది" అంటే సెక్షన్‌లో కలవదేమోనని భయపడతారు. "మాది ఇంకా బాగుంటుంది" అంటే దేనితో పోలిస్తే అన్న ప్రశ్న వస్తుంది, మళ్ళీ పాత కొలత దగ్గరికే వెళ్ళాలి. తమాషా ఏమిటంటే బాక్, బెంజ్ లాంటివాళ్ళు కూడా మొదట్లో ఫ్రాన్స్‌లోని బెసన్ ట్రంపెట్లను గమనించి, వాటి మీద ఆధారపడి మొదలైనవాళ్ళే. ఒకప్పుడు నకలు చేసినవాడే తర్వాత అసలుగా నిలబడ్డాడు. అప్పటికింకా బరి ఖాళీగా ఉంది, అంతే తేడా.

పేరున్న కళాకారుడు పట్టుకుంటే సరిపోతుందిగా అనొచ్చు. కొంతవరకు పనిచేస్తుంది. అమెరికన్ టీవీలో రాత్రిపూట వచ్చే ప్రసిద్ధ కార్యక్రమానికి 1967 నుంచి 1992 దాకా బ్యాండ్ నాయకుడుగా ఉన్న డాక్ సెవెరిన్సెన్ ఒకప్పుడు గెట్జెన్ ట్రంపెట్లకు ప్రచారం చేశాడు. విస్కాన్సిన్‌లోని ఎల్క్‌హార్న్ అనే చిన్న ఊరి కంపెనీ పేరు అలా ఇంటింటికీ చేరింది. కానీ కళాకారుడు రేపు ఇంకో వాద్యానికి మారొచ్చు, సెవెరిన్సెన్ కూడా మారాడు. మార్టిన్ కంపెనీ కథ ఇంకా విచిత్రం. దాని కమిటీ అనే మోడల్‌ను మైల్స్ డేవిస్ వాయించాడు, చెట్ బేకర్ వాయించాడు, డిజ్జీ గిలెస్పీ వాయించాడు. జాజ్ ట్రంపెట్ చరిత్రలో ఇంతకంటే పెద్ద పేర్లు ఏం కావాలి? అయినా ఆ కంపెనీ స్వతంత్రంగా నిలవలేదు, చేతులు మారి చివరికి లెబ్లాంక్ అనే వాద్యాల కంపెనీ దగ్గరికి చేరింది. జాజ్ కళాకారుడి ధ్వనిని జనం అతని సొంతదిగానే వింటారు, వాద్యానికి చాలా కొద్ది మార్కులే వేస్తారు. పైగా జాజ్ వాళ్ళు పదులకొద్దీ ట్రంపెట్లు ఒకేసారి ఆర్డరు పెట్టరు. స్కూళ్ళు పెడతాయి.

డబ్బు వచ్చేది ఆ స్కూలు పిల్లల ట్రంపెట్ల మీదే. డీలరుకు కావలసింది కూడా అదే. మొదటి ట్రంపెట్, మధ్య స్థాయిది, పైస్థాయిది, వాటితో పాటు ట్రాంబోను, క్లారినెట్టు, ఫ్లూటు అన్నీ ఒకే కంపెనీ నుంచి వస్తే ఒక్క ఖాతా, ఒక్క బిల్లు, ఒక్క గ్యారంటీ. ఏడాదికి కొన్ని పైస్థాయి ట్రంపెట్లు మాత్రమే చేసే వర్క్‌షాపు ఎంత బాగా చేసినా డీలరు అద్దాల బీరువాలో దానికి చోటు దొరకడం కష్టం. దాన్ని వాయించి చూసే అవకాశమే లేనప్పుడు ఇక కొనడం ఎక్కడిది?

కొత్తగా వచ్చి ఈ గోడను బద్దలుకొట్టిన యమహాను చూస్తే గోడ ఎత్తెంతో అర్థమవుతుంది. 1887లో హార్మోనియం లాంటి ఆర్గన్‌తో మొదలైన జపాన్ కంపెనీ అది. సుషిర వాద్యాల్లోకి 1965లో దిగింది. దిగుతూనే రెనాల్డ్ షిల్కీని సలహాదారుగా పెట్టుకుంది. ఆయన షికాగో సింఫనీలో ట్రంపెట్ వాయించినవాడు, 1956లో సొంత ట్రంపెట్ కంపెనీ పెట్టినవాడు. అప్పటికే పియానోల వ్యాపారం ఉంది, డీలర్లున్నారు, ఏళ్ళ తరబడి లాభం చూసుకోకుండా ఆగగలిగే డబ్బుంది. పిల్లల ట్రంపెట్ నుంచి ఆర్కెస్ట్రా ట్రంపెట్ దాకా అన్ని మెట్లూ కట్టింది. ఏ దుకాణంలో ఏ పెట్టె తెరిచినా ఒకేలా ఉంటుందన్న నమ్మకం సంపాదించింది. గమనించండి, షిల్కీ సొంత కంపెనీకీ యమహాకీ ఆ బుర్ర ఒకటే. ఒకటి షికాగోలో గౌరవం ఉన్న చిన్న కంపెనీగా ఉండిపోయింది, రెండోది ప్రపంచమంతా పాకింది. నైపుణ్యం ఒక్కటే తేల్చే విషయమైతే ఈ తేడా రాకూడదు.

చిన్న వర్క్‌షాపు లోపల ఇంకో బలహీనత ఉంటుంది. బెల్‌ను ఒక మనిషి సుత్తితో కొట్టి చేసుకోగలడు. వాల్వులు అలా కాదు; పిస్టన్‌కూ గొట్టానికీ మధ్య వెంట్రుక మందం కన్నా తక్కువ సందు ఉండాలి, దానికి ఖరీదైన యంత్రాలు కావాలి. అందుకే చాలామంది చిన్న తయారీదారులు వాల్వులు, కొన్నిసార్లు బెల్ కూడా, బయటి నుంచి తెప్పించుకుంటారు. కాన్‌స్టుల్ లాంటి ఫ్యాక్టరీ మూతపడితే దాని మీద ఆధారపడిన చిన్న పేర్లకు కూడా దెబ్బే. జిగ్మంట్ కాన్‌స్టుల్ 2016లో చనిపోయారు. మూడేళ్ళకు తలుపులు మూసేశారు. యంత్రాలు, అచ్చులు కాన్సస్ సిటీలోని బాక్ (BAC) అనే మరో చిన్న కంపెనీ కొనుక్కుంది. పలకడంలో ఒకేలా ఉన్నా దానికీ విన్సెంట్ బాక్‌కూ సంబంధం లేదు. ఇవన్నీ చూసిన కొనుగోలుదారు అడిగే ప్రశ్న న్యాయమైనదే: పదిహేనేళ్ళ తర్వాత పిస్టన్ అరిగితే ఎవరిని అడగాలి?

అదే భయం సెకండ్ హ్యాండ్ ధరలో అంకెగా మారుతుంది. పేరున్న ట్రంపెట్ అమ్మాలనుకుంటే చూడకుండానే ఒక ధర చెప్పేస్తారు. పేరు లేనిది ఎంత మంచిదైనా దాన్ని వాయించి మెచ్చే మనిషి దొరికేదాకా ధర లేదు. కాబట్టి కొత్తగా కొనేటప్పుడు అది కాస్త చవగ్గా దొరికినా, అమ్మేటప్పటి నష్టం కలిపితే ఖరీదే. దీనికి తోడు ట్రంపెట్ తొందరగా చావదు. 1950లలో చేసిన ఓల్డ్స్ అంబాసిడర్లు, అంటే అప్పటి పిల్లల ట్రంపెట్లు, నేటికీ వాయిస్తున్నారు. ఓల్డ్స్ కంపెనీ మాత్రం 1979లోనే పోయింది. కొత్త తయారీదారు నేటి పెద్ద కంపెనీలతోనే కాదు, మూతపడ్డ కంపెనీల పాత సరుకుతో కూడా పోటీ పడాలి.

ఇక పాత పోటీదారుల పేర్లు ఏమయ్యాయో చూస్తే మార్కెట్టు ఎలా బిగుసుకుందో తెలుస్తుంది. విన్సెంట్ బాక్ తన కంపెనీని 1961లో సెల్మర్ అనే వాద్యాల కంపెనీకి అమ్మాడు. కాన్, కింగ్, బెంజ్ పేర్లు ఒక గొడుగు కిందికి చేరాయి. ఆ గొడుగూ సెల్మరూ కలిసి 2003లో కాన్-సెల్మర్ అయ్యాయి. 2004లో లెబ్లాంక్‌ను కూడా కొన్నారు, దానితో హోల్టన్, మార్టిన్ పేర్లు వచ్చి చేరాయి. ఒకప్పుడు బాక్‌తో తలపడిన పేర్లలో చాలావరకు బాక్ ఉన్న ఇంట్లోనే అల్మారాలోకి వెళ్ళిపోయాయి. బెంజ్ ట్రంపెట్ల తయారీ ఆగిపోయింది. బాగా మోగే ట్రంపెట్లని వాటికి నేటికీ పేరుంది, పాతవి దొరికితే జనం కొంటారు.

మరి ఆ పెద్ద ఇంట్లో గొడవ జరిగితే చిన్నవాళ్ళకు అవకాశమే కదా? ఆ పరీక్షా జరిగింది. 2006 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్‌లోని బాక్ ఫ్యాక్టరీ కార్మికులు సమ్మెకు దిగారు. అది దాదాపు మూడేళ్ళు సాగింది. అనుభవమున్న చేతులు బయట ఉన్నాయి, కొత్తవాళ్ళను పెట్టి తయారీ నడిపారు. నాణ్యత మీద అనుమానాలు మొదలయ్యాయి, కొందరు వేరే పేర్ల వైపు చూశారు. ఇంకో వ్యాపారంలో అయితే ఇలాంటి దెబ్బకు కోలుకోవడం కష్టం. బాక్ మాత్రం కొలబద్ద స్థానం పోగొట్టుకోలేదు. చాలామంది "ఫలానా సంవత్సరానికి ముందువి వెతుక్కుంటాం" అన్నారు, అంటే బాక్‌ను వదిలేసి పాత బాక్ దగ్గరికి వెళ్ళారు!

దీనికి ఎదురు ఉదాహరణ జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో ఉంది. అక్కడి ఆర్కెస్ట్రాలు పిస్టన్లకు బదులు తిరిగే రోటరీ వాల్వులున్న ట్రంపెట్లు వాడతాయి, వియన్నా ఫిల్‌హార్మోనిక్ సహా. ఆ ధ్వని వేరు, పట్టుకునే తీరు వేరు. ఆ రకంలో పేరు మోసినవి కొలోన్‌లోని మోంకే, ఆస్ట్రియాలోని షాగెర్ల్ లాంటి కుటుంబ వర్క్‌షాపుల స్థాయి పేర్లే. చిన్నవాళ్ళు అక్కడ దర్జాగా బతకగలిగారు. అక్కడి కళాకారులు ఎక్కువ ధైర్యవంతులనో, అక్కడి చెవులు ఎక్కువ పదునైనవనో నేననుకోను. అక్కడి కొలత ఒక్క ఫ్యాక్టరీతో ముడిపడలేదు, అంతే. వర్క్‌షాపుకు వెళ్ళి చెప్పి చేయించుకోవడమే మామూలు పద్ధతిగా మిగిలింది.

మిగతా చోట్ల చిన్న బ్రాండ్లు నిలబడిన దారులు చూస్తే, ముఖాముఖి పోటీకి దిగి గెలిచినవి కనిపించవు. డేవిడ్ మోనెట్ 1983లో మొదలుపెట్టి, పెద్ద కంపెనీల ధరలకు చాలా పైన, బరువైన, దేనితోనూ సరిపోల్చలేని ట్రంపెట్లు చేశాడు. ప్రసిద్ధ జాజ్ ట్రంపెట్ కళాకారుడు వింటన్ మార్సాలిస్ వాటిని పట్టాడు. ఎవరి కొలతలోనూ ఇమడనిది చేస్తే, నచ్చేవాళ్ళు కొద్దిమందే అయినా బాక్‌తో పోలిక తప్పుతుంది. నెదర్లాండ్స్‌లోని ఆడమ్స్ కంపెనీకి టింపానీలు, మరింబాలు లాంటి కొట్టి వాయించే వాద్యాలు ముందునుంచీ ఉన్నాయి. ట్రంపెట్ల మీద నెమ్మదిగా పేరు తెచ్చుకునే తీరిక వాటివల్ల వచ్చింది. యమహాకు పియానోలు చేసిన సాయమే ఇది, కాస్త చిన్న మోతాదులో. బోస్టన్ దగ్గరి షైర్స్ అనే వర్క్‌షాపు ఒక పెద్ద కంపెనీ నీడలోకి వెళ్ళింది. ఇంటికి పంపి కొన్ని రోజులు వాయించి చూడమనే పద్ధతి ఇంటర్నెట్ వచ్చాక పెరిగింది. అలవాటు అడ్డంకికి ఇది నిజంగా మందే. కాకపోతే వెనక్కి వచ్చిన ప్రతి పెట్టెకూ రవాణా ఖర్చు, ఒక్కోసారి బెల్‌కు సొట్ట, రెండూ తయారీదారు నెత్తి మీదే పడతాయి.

నాకు అన్నిటికంటే తెలివైన దారిగా కనిపించేది మౌత్‌పీస్. ట్రంపెట్ మార్చాలంటే వేల డాలర్లు, కొన్నేళ్ళ అలవాటు అడ్డం వస్తాయి. మౌత్‌పీస్‌కు అందులో చిన్న వంతు ఖర్చవుతుంది, పక్కవాళ్ళెవరూ ఏ కంపెనీదని అడగరు, నచ్చకపోతే జేబులో పెట్టుకుని ఊరుకోవచ్చు. షిల్కీ, మోనెట్ మౌత్‌పీస్‌లు బాక్ ట్రంపెట్లలో పెట్టుకుని వాయించేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఎందరు తర్వాత ట్రంపెట్ కూడా అక్కడే కొంటారు అన్నది వేరే లెక్క, ఎక్కువమంది కొనరు. కానీ వర్క్‌షాపు అద్దె, జీతాలు కట్టడానికి ఆ మౌత్‌పీస్‌ల డబ్బు పనికొస్తుంది.